మీ ఏరియా ఇళ్ల మార్కెట్ రిపోర్ట్: పెద్దక్షరాలు వదిలేసి చిన్నక్షరాలు చదవండి

ఇల్లు కొనాలనో అమ్మాలనో ఏదైనా సైట్లో రెండుసార్లు వెతికితే చాలు, "మీ ఏరియా మార్కెట్ రిపోర్ట్" అంటూ నెలనెలా మెయిల్ రావడం మొదలవుతుంది. లిస్టింగ్ సైట్లు (ఇళ్ల అమ్మకపు ప్రకటనలు పెట్టేవి) పంపేవి కొన్ని, ఏజెంట్లు పంపేవి కొన్ని, అప్పులిచ్చే సంస్థలు పంపేవి కొన్ని. చాలావరకు ఉచితం, డబ్బు కట్టి తెప్పించుకునేవీ ఉన్నాయి. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ రిపోర్టు గురించో కాదు, ఈ సరుకు మొత్తం గురించి. దాదాపు అన్నిటి అచ్చూ ఒకటే కాబట్టి, ఒకదాన్ని సరిగ్గా చదవడం వస్తే మిగతావీ వచ్చినట్టే.

తీర్పు ముందే చెప్పేస్తాను. రిపోర్టులో అన్నిటికంటే పెద్దగా అచ్చేసే ధర అంకె అన్నిటికంటే బలహీనమైనది. ఇంటి బేరంలో నిజంగా పనికొచ్చే మూడు అంకెలు కింద ఎక్కడో ఉంటాయి: ఎన్ని నెలలకు సరిపడా ఇళ్లు అమ్మకానికి ఉన్నాయి, మొదట అడిగిన ధరలో చివరికి ఎంత చేతికొచ్చింది, ఎంతమంది మధ్యలో ధర తగ్గించుకున్నారు. ఈ మూడూ ఇవ్వని రిపోర్టును తెరవకపోయినా నష్టం లేదు.

పచ్చ బాణం సంగతి

రిపోర్టు తెరవగానే కనిపించేది ఇలా ఉంటుంది. పైన ఏరియా పేరు. కింద పచ్చ బాణం. పక్కన లావాటి అక్షరాల్లో "మధ్యస్థ ధర 11 శాతం పెరిగింది". దాని పక్కన పైకి ఎగబాకే గీత. పేజీ అడుగున బూడిదరంగు చిన్నక్షరాల్లో "ఈ నెల అమ్మకాలు: 9". ముందు చదవాల్సింది ఆ తొమ్మిది.

మధ్యస్థ ధర అంటే అమ్ముడైన ఇళ్లను ధర ప్రకారం వరసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చే ధర. సగటు కంటే ఇదే నయం, ఎందుకంటే ఒక్క భారీ బంగళా అమ్ముడైనంత మాత్రాన ఇది చెదిరిపోదు. అయితే దీనికి వేరే జబ్బుంది. ఒక కాలనీలో చిన్న ఫ్లాట్లు 40 నుంచి 45 లక్షల్లో, పెద్దవి 80 నుంచి 90 లక్షల్లో పోతున్నాయనుకోండి. ఒక నెలలో ఏడు అమ్మకాలు జరిగాయి: 40, 42, 43, 45, 81, 84, 88. మధ్యస్థం 45. మరుసటి నెల మళ్లీ ఏడు: 41, 43, 44, 80, 83, 86, 90. మధ్యస్థం 80. చిన్న ఫ్లాటు ఒకటి తగ్గి పెద్ద ఫ్లాటు ఒకటి పెరిగిందంతే. ఏ ఫ్లాటు విలువా మారలేదు. రిపోర్టు మాత్రం ధర 78 శాతం పెరిగిందని చెబుతుంది. ఇంత ఘోరమైన దూకుడు ఉదాహరణల్లోనే కనిపిస్తుంది గానీ, ఐదు నుంచి పదిహేను శాతం వరకు ఊగిసలాటకు చాలాసార్లు కారణం ఇదే. కొత్త అపార్ట్‌మెంట్ సముదాయంలో తాళాలిచ్చి ఒకే నెలలో రిజిస్ట్రేషన్లన్నీ జరిగినా అంతే.

దీనికి విరుగుడు తేలికే. ఒక నెల అంకె చూడకూడదు. మూడు నెలల అమ్మకాలు కలిపి చూడాలి, అప్పటికీ ముప్పై దాటకపోతే ఆరు నెలలవి కలపాలి. పోలిక ఎప్పుడూ నిరుటి ఇదే నెలలతోనే. కిందటి నెలతో పోలిస్తే సీజన్ తేడాను ధర తేడా అనుకుంటాం. బడి సెలవులకు ముందు కుటుంబాలు పెద్ద ఇళ్లు వెతుకుతాయి, మిగతా రోజుల్లో పెట్టుబడికి కొనేవాళ్ల చిన్న ఇళ్ల వాటా పెరుగుతుంది. ధరలు నిలకడగా ఉన్నా గీత ఏటా ఒకేచోట లేచి ఒకేచోట దిగుతుంది. ఆ గీతను ధరల కదలిక అనుకుని తొందరపడి అడ్వాన్స్ ఇచ్చేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

సూచీలు: నిదానం, కానీ నిజాయితీ

పై జబ్బుకు అసలైన మందు కనిపెట్టినవాళ్లు ఆర్థికవేత్తలు. అమ్ముడైన ఇళ్లన్నిటినీ కలిపి కొలవకుండా, ఒకే ఇల్లు రెండుసార్లు అమ్ముడైనప్పుడు ఆ రెండు ధరల మధ్య తేడానే కొలవాలన్నది ఆ ఆలోచన. అమెరికాలో కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ 1980లలో దీన్ని పదును పెట్టారు. వాళ్ల పేరు మీదే వస్తున్న సూచీలో (ధరలు ఎంత మారాయో ఒకే అంకెలో చూపే కొలతలో) 2000 జనవరిని 100గా తీసుకుంటారు. బ్రిటన్‌లో ల్యాండ్ రిజిస్ట్రీ లెక్కలతో వచ్చే సూచీది మరో దారి: ఇంటి రకం, పరిమాణం, ప్రాంతం లాంటి లక్షణాలను గణితంతో సరిచేసి, ఒకే తరహా ఇల్లు అయితే ధర ఎంత మారేదో లెక్కగడతారు. భారత్‌లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2007లో మొదలుపెట్టిన రెసిడెక్స్ ఇప్పుడు 50 నగరాలకు వస్తోంది. ఆధార సంవత్సరం 2017-18. అందులో రెండు సూచీలుంటాయి. ఒకటి గృహరుణ సంస్థలు కట్టిన విలువల మీద, రెండోది నిర్మాణంలో ఉన్న ఇళ్ల మార్కెట్ ధరల మీద. ఈ రెండింటి తేడా తెలియక ఒకదానికి బదులు ఇంకొకటి ఉటంకించే రిపోర్టులు ఎన్నో.

వీటి లోపం ఆలస్యం. కేస్-షిల్లర్ సూచీనే తీసుకోండి. ఏప్రిల్ చివరి మంగళవారం విడుదలయ్యేది ఫిబ్రవరి అంకె. అది కూడా డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మూడు నెలల సగటు. ఆ నెలల్లో రిజిస్ట్రేషన్ అయిన ఇళ్ల బేరాలు అంతకు నెలా రెండు నెలల ముందే కుదిరి ఉంటాయి, ఎందుకంటే అగ్రిమెంటుకీ లోను మంజూరుకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య అంత సమయం పడుతుంది. అంటే ఏప్రిల్ చివర్లో మనం చదువుతున్నది చలికాలపు బేరాల సంగతి. మార్కెట్ ఒకే దిశలో నిదానంగా నడుస్తుంటే ఈ ఆలస్యంతో ఇబ్బంది లేదు. మలుపు తిరిగేటప్పుడే దెబ్బ. ఇంకో మాట: సూచీ నగరం మొత్తానిది. మీ వీధి గురించి అది ఏమీ చెప్పదు. పాత అమ్మకం ధరను ఇప్పటి కాలానికి సవరించుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఆ ఒక్క పనికీ దానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

అడిగిన ధర, కుదిరిన ధర, చదరపు అడుగు ధర

లిస్టింగ్ సైట్ల రిపోర్టుల్లో ఎక్కువభాగం అమ్మకం ధరలు కావు, అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు. "సగటు ధర" అని రాసి ఊరుకుంటారు. చివరి పేజీలో "మా సైట్లోని ప్రకటనల ఆధారంగా" అన్న ముక్క కనిపిస్తే అది కోరికల జాబితా అని అర్థం. ధరలు పడుతున్న రోజుల్లో అడిగే ధరలు నెలల తరబడి నిలబడే ఉంటాయి, కొత్తగా లిస్టింగుకు వచ్చేవాళ్లు పాతవాళ్లను చూసి అంతే రాస్తారు కాబట్టి. మరోవైపు రిజిస్ట్రేషన్ లెక్కలూ పూర్తిగా స్వచ్ఛం కావు. పన్ను కోసం దస్తావేజులో తక్కువ రాసే అలవాటున్న చోట, రిజిస్టరైన విలువ ప్రభుత్వ కనీస విలువ దగ్గర గుంపుగా పేరుకుంటుంది. ఒకే సముదాయంలో పది దస్తావేజుల విలువలు రూపాయి తేడా లేకుండా ఒకటే ఉంటే అవి బేరం ధరలు కావని గుర్తు.

చదరపు అడుగు ధర దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. ఒకే ఫ్లాటు, ధర 75 లక్షలు. సూపర్ బిల్టప్ (గోడలు, మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి జాగాల్లో వాటా కూడా కలిపిన కొలత) 1500 అడుగులు, కార్పెట్ (ఇంటి లోపల వాడుకునే నేల) 1050. మొదటి లెక్కన అడుగు 5000, రెండో లెక్కన 7143. ఒక రిపోర్టు ఒక కొలతతో, ఇంకోటి మరో కొలతతో లెక్కిస్తే, లేదా ఒకే రిపోర్టు పాత భవనాలకు ఒక కొలత, కొత్తవాటికి ఇంకో కొలత వాడితే, కనిపించే "పెరుగుదల" అంతా టేపు తేడాయే. పోల్చేటప్పుడు కార్పెట్ ఏరియా మీదే లెక్క కట్టండి. అప్పుడు కూడా చిన్న ఇంటి అడుగు ధర పెద్ద ఇంటిదానికంటే సహజంగానే ఎక్కువ. వంటగది, బాత్రూములు, పైపులు, వైరింగ్ ఖర్చు అడుగుల్లో తగ్గినంతగా తగ్గదు. ఇక విడి ఇళ్లకు చదరపు అడుగు ధర పెట్టడమే తప్పు. అక్కడ విలువలో పెద్ద వాటా స్థలానిది. ముందు స్థలం విలువ తీసేసి, మిగిలినదాన్ని కట్టడం విస్తీర్ణంతో, వయసుతో చూడాలి.

నెలల సరుకు: రిపోర్టులోని ప్రాణం

ఇక్కడ ఆగి నిదానంగా చదవాలి. అమ్మకానికి ఉన్న ఇళ్ల సంఖ్యను నెలకు సగటున అమ్ముడయ్యే సంఖ్యతో భాగిస్తే వచ్చేది నెలల సరుకు. కొత్తగా ఒక్క ఇల్లూ రాకపోతే ఉన్నవి అయిపోవడానికి పట్టే కాలం అది. ఆరు నెలల చుట్టుపక్కల ఉంటే ఇద్దరికీ సమానం, నాలుగు కంటే తగ్గితే అమ్మేవాళ్లది పైచేయి, ఏడెనిమిది దాటితే కొనేవాళ్లది అన్నది వృత్తిలో ఉన్నవాళ్ల మోటు లెక్క. మోటుదైనా పనిచేస్తుంది. కారణం, ఇది ధర కంటే ముందు కదులుతుంది.

కానీ ఈ భాగహారంలో పైన ఉండే అంకె, అంటే లిస్టింగుల సంఖ్య, ఎంత మురికిగా వస్తుందో చూడండి. రిపోర్టులో లిస్టింగులు 84, నెలకు అమ్మకాలు 14. భాగిస్తే 6, సమతూకం. ఇప్పుడు ఆ 84 లిస్టింగులూ తెరిచి చూస్తే, ఒకే ఫ్లాటును ముగ్గురు బ్రోకర్లు మూడు ధరలకు పెట్టినవి దొరుకుతాయి, ఎప్పుడో అమ్ముడైనా ఫోన్లు రావడం కోసం తీయకుండా వదిలేసినవీ దొరుకుతాయి. ఫొటోలు, అంతస్తు, విస్తీర్ణం పోల్చి డూప్లికేట్లు ఏరేస్తే 55 మిగిలాయనుకోండి. 55ను 14తో భాగిస్తే 3.9, అమ్మేవాళ్ల మార్కెట్. అంతటితో అయిపోలేదు. పక్కనే కడుతున్న బిల్డర్ దగ్గర అమ్ముడుపోని ఫ్లాట్లు 60 ఉంటే, సైట్లో ఒకేసారి పదే చూపిస్తాడు, అన్నీ పెడితే డిమాండ్ లేదని తెలిసిపోతుంది కాబట్టి. ఆ దాచిన 50 కలిపితే 105, భాగిస్తే 7.5. ఒకే కాలనీ, ఒకే నెల, మూడు రకాల మార్కెట్లు. ఏది నిజమో తేల్చేది మీ అవసరమే: పాత ఫ్లాటు అమ్మేవాడికి ఆ కొత్త ఫ్లాట్లు పోటీయే, వెంటనే దిగాల్సిన కొనుగోలుదారుకి కాదు.

బిల్డర్ దాచిన సరుకు కనుక్కోవడానికి దారులున్నాయి. ప్రాజెక్టు నియంత్రణ సంస్థ వెబ్‌సైట్ ఉన్నచోట బుకింగుల లెక్క దొరుకుతుంది. ఉదాహరణకు భారత్‌లో 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 11వ సెక్షన్ ప్రకారం బిల్డర్ మూడు నెలలకోసారి ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయో అక్కడ పెట్టాలి. మొత్తం ఫ్లాట్లలోంచి అది తీసేయండి. ఆ లెక్క లేని చోట, తాళాలిచ్చి ఏడాది దాటిన సముదాయంలో రాత్రి ఎనిమిదింటికి ఎన్ని కిటికీల్లో వెలుగుందో లెక్కపెట్టడం కూడా చెడ్డ పద్ధతేం కాదు.

నెలల సరుకును రకాలవారీగా విడగొట్టని రిపోర్టుకు సగం మార్కులు కోసేయాల్సిందే. రెండు పడకగదుల ఫ్లాట్లు మూడు నెలల్లో ఖాళీ అవుతుంటే అదే వీధిలో విల్లాలు పద్నాలుగు నెలలు కూర్చోవచ్చు. రెండూ కలిపి "ఆరున్నర నెలలు" అని చెబితే అది ఎవరికీ వర్తించని అంకె.

ఎన్ని రోజులకు పోతోంది, ఎంతకు పోతోంది

"సగటున 38 రోజుల్లో అమ్ముడవుతున్నాయి" అన్న వాక్యంలో రెండు మోసాలు దాగుంటాయి, రాసినవాళ్లకు తెలిసినా తెలియకపోయినా. మొదటిది, ఆ లెక్కలో అమ్ముడైన ఇళ్లే ఉంటాయి. ఎనిమిది నెలలుగా కూర్చున్నవీ, విసిగి వెనక్కి తీసుకున్నవీ ఉండవు. మార్కెట్ చల్లబడిన తొలి నెలల్లో మంచి ఇళ్లు మాత్రమే వేగంగా పోయి మిగతావి ఆగిపోతాయి కాబట్టి, ఈ అంకె కొంతకాలం మెరుగుపడినట్టు కూడా కనిపించవచ్చు. అందుకే దాని పక్కన, ఇంకా అమ్ముడుపోని లిస్టింగుల వయసు కూడా చూడాలి. అది పెరుగుతూ ఇది నిలకడగా ఉంటే మార్కెట్ రెండుగా చీలుతోందన్నమాట.

రెండో మోసం లిస్టింగు తీసేసి మళ్లీ పెట్టడం. అలా చేస్తే గడియారం సున్నాకి వస్తుంది. కార్డు మీద "కొత్తది" అన్న ముద్ర, పక్కన నిగనిగలాడే ఫొటో. ఆ ఫొటోను పెద్దది చేసి చూడండి. కిటికీ బయట చెట్టు ఆకులు రాల్చి బోడిగా ఉంది, ఇప్పుడేమో బయట వర్షాలు. ఆ ఇల్లు నెలల తరబడి అమ్మకానికి ఉందని ఆ చెట్టే చెబుతోంది. గోడ మీద క్యాలెండరు కనిపిస్తే ఇంకా మంచిది.

అడిగినదానిలో ఎంత శాతం వచ్చిందన్నది నా దృష్టిలో నెలల సరుకు తర్వాత అంతటి అంకె. కాకపోతే ఏ "అడిగిన ధర"తో పోల్చారో తప్పకుండా కనుక్కోవాలి. ఒక ఇల్లు 100కి పెట్టారు, రెండు నెలలకు 90కి దించారు, చివరికి 88కి అమ్మారు. ఆఖరున అడిగిన ధరతో పోలిస్తే 97.8 శాతం వచ్చినట్టు. మొదట అడిగినదానితో అయితే 88 శాతమే. చాలా రిపోర్టులు ఆఖరి ధరతోనే లెక్క వేస్తాయి, చూడ్డానికి బాగుంటుంది కనుక. అది నమ్మి కొనేవాడు రెండు శాతం మించి బేరమాడడానికి మొహమాటపడతాడు. ధర తగ్గించిన లిస్టింగుల వాటా కూడా ఇస్తే ఈ లోటు కొంత పూడుతుంది. మూడింట ఒక వంతు మంది ధర తగ్గించారంటే, ఇంకా తగ్గించనివాళ్లతో కూడా ధైర్యంగా బేరం ఆడొచ్చు.

ఆటోమేటిక్ విలువ

అడ్రస్ కొట్టగానే ఇంటి విలువ చూపించే పెట్టె ఇప్పుడు ప్రతి రిపోర్టులోనూ ఒక మూల ఉంటోంది. ఈ తరహాలో అందరికీ తెలిసినది అమెరికాలో జిల్లో అనే ఇళ్ల లిస్టింగ్ సంస్థ 2006లో తెచ్చిన జెస్టిమేట్. ఆ సంస్థ తన తప్పుల లెక్క తానే ప్రకటిస్తుంది, అది మెచ్చుకోదగ్గ అలవాటు. అమ్మకానికి పెట్టిన ఇళ్ల విషయంలో మధ్యస్థ తేడా సుమారు 2 శాతం, పెట్టని ఇళ్ల విషయంలో సుమారు 7 శాతం. ఈ రెండు అంకెల మధ్య దూరమే అసలు విషయం చెబుతుంది: ఇల్లు లిస్టింగుకు రాగానే యజమాని అడిగిన ధర యంత్రానికి కనిపిస్తుంది, అంచనా అటువైపు జరుగుతుంది. అందువల్ల లిస్టింగులో ఉన్న ఇంటికి ఈ అంచనా చూసి "యంత్రం కూడా ఇంతే అంటోంది" అనుకోవడం, అమ్మేవాణ్ని అతని మాటకే సాక్షిగా పిలవడం. మధ్యస్థ తేడా 7 శాతం అంటే సగం ఇళ్లకు అంతకంటే ఎక్కువ తప్పుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

అంత సమాచారం ఉన్న ఆ సంస్థే 2018లో సొంతంగా ఇళ్లు కొని అమ్మే విభాగం పెట్టి, 2021 నవంబరులో మూసేస్తున్నట్టు ప్రకటించింది. ధరలు ఎటు పోతాయో ముందే చెప్పడం అనుకున్నదానికంటే కష్టమైందన్నది వాళ్లు చెప్పిన కారణం. రిపోర్టు చివర ఉండే "వచ్చే 12 నెలల అంచనా" పేజీని చదవకుండా వదిలేయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఒకేలాంటి ఇళ్లు వందల్లో ఉన్న పెద్ద సముదాయంలో యంత్రం బాగా పనిచేస్తుంది. పాత వీధిలో, ప్రతి ఇల్లూ ఒక తీరున ఉన్నచోట, లోపల మరమ్మతులు చేయించారో గోడ నెమ్ము పట్టిందో దానికి కనిపించదు.

రిపోర్టులో లేనివి

వడ్డీ రేటు చాలా రిపోర్టుల్లో ఉండదు, ఉన్నా ఒక వాక్యమే. ఇరవై ఏళ్ల అప్పుకు 8 శాతం వడ్డీ అయితే ప్రతి లక్షకు నెలవాయిదా 836. అదే 9 శాతం అయితే 900. అంటే అదే నెలవాయిదా కట్టగలిగిన మనిషికి దొరికే అప్పు 7 శాతం తగ్గిపోతుంది. ధరలు మాత్రం వెంటనే 7 శాతం తగ్గవు. ముందు అమ్మకాల సంఖ్య పడుతుంది, తర్వాత సరుకు పేరుకుంటుంది, ఆ తర్వాత ధర తగ్గింపులు మొదలవుతాయి, మధ్యస్థ ధర అందరికంటే చివర కదులుతుంది. రిపోర్టును ఈ వరసలోనే చదవాలి. అచ్చేసేది మాత్రం సరిగ్గా తలకిందులుగా.

ధర ఎందుకంత మొండిగా ఉంటుందో డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్ ఫ్లాట్ల మీద చేసిన అధ్యయనంలో, 2001లో, చూపించారు. కొన్న ధరకంటే తక్కువకు అమ్మాల్సి వచ్చేవాళ్లు, ఇప్పుడు రాగల ధరకీ తాము కొన్న ధరకీ మధ్య తేడాలో 25 నుంచి 35 శాతం దాకా అదనంగా అడుగుతున్నారని తేలింది. 100కి కొన్న ఇల్లు ఇవాళ 80 పలికితే, 85 నుంచి 87 దాకా చెబుతారన్నమాట. కొనేవాళ్లకు దీని ఉపయోగం ఏమిటంటే, పాత దస్తావేజులో అమ్మకందారు ఎప్పుడు, ఎంతకు కొన్నాడో దొరికితే, ఎవరితో బేరం తొందరగా తెగుతుందో ముందే అంచనా కట్టొచ్చు.

సొంత పట్టిక, ఒక సాయంత్రం పని

ఈ రిపోర్టులన్నిటికంటే మిన్న, మీ చేత్తో వేసుకునే పది పన్నెండు గళ్ల పట్టిక. గత ఆరు నెలల్లో అమ్ముడైనవి, అదే సముదాయంలో గానీ కిలోమీటరు లోపల గానీ ఉన్నవి, మీ ఇంటి కార్పెట్ ఏరియాకు 15 శాతం అటూ ఇటూ ఉన్నవి ఏరండి. ఒక్కోదానికీ రాసుకోవాల్సినవి: అగ్రిమెంట్ తేదీ, మొదట అడిగిన ధర, ఆఖరున అడిగిన ధర, కుదిరిన ధర, కార్పెట్ ఏరియా, అంతస్తు, భవనం వయసు, పార్కింగ్, భవనం ఉన్న స్థలంలో ఆ ఫ్లాటుకొచ్చే అవిభాజ్య (విడదీయని) వాటా. రిజిస్ట్రేషన్ తేదీ దొరికి అగ్రిమెంట్ తేదీ దొరక్కపోతే రెండు నెలలు వెనక్కి వేసుకోండి.

తేడాలకు విలువ కట్టడానికి జంటలు వెతకాలి. ఒకే బ్లాకులో, ఒకే కొలత, ఒకే మూడు నెలల్లో అమ్ముడైన రెండు ఫ్లాట్లలో పార్కింగ్ ఉన్నది 62కి, లేనిది 58కి పోతే అక్కడ పార్కింగ్ విలువ 4. ఇలాంటి జంటలు రెండు మూడు దొరికినా చాలు. అన్నిటికంటే ఎక్కువదాన్నీ, తక్కువదాన్నీ పక్కన పెట్టండి. అవి బంధువుల మధ్య అమ్మకాలో, వేలంలో పోయినవో అయి ఉండొచ్చు. మిగిలినదాంట్లో వచ్చేది ఒక అంకె కాదు, ఒక హద్దు: ఇంత నుంచి ఇంత వరకు.

అమ్మేవాళ్లు ఆ హద్దులోపలే మొదలుపెట్టాలి. ప్రస్తుతం లిస్టింగులో ఉన్నవాటిని చూసి పెడితే, అమ్ముడుపోనివాటిని ఆదర్శంగా తీసుకున్నట్టవుతుంది. ఇంకో చిన్న సంగతి చాలామంది పట్టించుకోరు: కొనేవాళ్లు "80 లోపు" అని ఫిల్టర్ పెట్టుకుని వెతుకుతారు. 81 అని పెట్టిన ఇల్లు వాళ్ల కంటపడనే పడదు. మొదటి మూడు వారాలే కీలకం, ఎందుకంటే అలర్టులు పెట్టుకుని ఎదురుచూస్తున్నవాళ్లంతా అప్పుడే చూస్తారు. చూడ్డానికే ఎవరూ రావడం లేదంటే ధర బాగా ఎక్కువో, ఫొటోలు బాగా లేవో. పదిమంది వచ్చి చూసి ఒక్కరూ ఆఫర్ ఇవ్వకపోతే ధర మూడు నుంచి ఐదు శాతం ఎక్కువ ఉందని లెక్క. అప్పుడు తగ్గింపు ఒకేసారి ఉండాలి. అర శాతం చొప్పున నాలుగుసార్లు తగ్గిస్తే, ఐదోది కూడా వస్తుందని కొనేవాడు కాచుకుని కూర్చుంటాడు.

ఉన్న ఇల్లు అమ్మి పెద్దది కొనేవాళ్లకు ధరలు పడితే భయం ఎక్కువ, నిజానికి లెక్క వేరు. మీది 60, కావాల్సింది 90, మీరు కలపాల్సింది 30. రెండూ 10 శాతం పడితే 54, 81, కలపాల్సింది 27. పెద్ద ఇంటికి మారేవాళ్లకు పడే మార్కెట్టే మేలు, చిన్నదానికి మారేవాళ్లకు పెరిగే మార్కెట్. ఈ లెక్క వేసి చూపించే రిపోర్టు ఒక్కటీ కనిపించదు.

ఏది తీసుకోవాలి

లిస్టింగ్ సైట్ల ఉచిత రిపోర్టుకు ఐదుకు రెండు. తాజాగా ఉంటుంది, ధర తగ్గించినవాళ్ల వాటా ఉంటే అదనంగా అరమార్కు, అంతే. ఏజెంట్ పంపేదానికి రెండున్నర. కుదిరిన ధరలు వాళ్ల దగ్గరే ముందు దొరుకుతాయి, కానీ ఏ అమ్మకాలు చూపించాలో ఎంచుకునేది కూడా వాళ్లే. మీ ఇల్లు అమ్మే పని కోసం వచ్చిన ఏజెంట్ ఆ రిపోర్టు చేతిలో పెడితే, గత ఆరు నెలల్లో మీ సముదాయంలో జరిగిన అన్ని అమ్మకాల జాబితా అడగండి, గడువు ముగిసి వెనక్కి తీసుకున్న లిస్టింగులతో సహా. మంచి ఏజెంట్ మర్నాటికల్లా తెస్తాడు.

డబ్బు కట్టే సేవల్లో ఒక్కటే చూడాలి: విడివిడి అమ్మకాలను తేదీ, కార్పెట్ ఏరియా, మొదట అడిగిన ధరలతో సహా దింపుకోనిస్తుందా లేదా. గీతలూ రంగు మ్యాపులూ మాత్రమే ఇస్తే డబ్బు దండగ. విడి అమ్మకాలు ఇచ్చేదైతే నాలుగు మార్కులు, కానీ ఏడాది చందా అక్కర్లేదు. ఒక్క నెలకు కట్టి, గత 24 నెలల అమ్మకాలు దింపుకుని, చందా ఆటోమేటిక్‌గా రెన్యూ కాకుండా ఆ రోజే ఆపేయండి. ఇల్లు దొరికి అడ్వాన్స్ ఇచ్చే వారంలో మళ్లీ ఒక నెల తీసుకుంటే, మధ్యలో వచ్చిన కొత్త అమ్మకాలూ మీ పట్టికలో చేరతాయి.